స్టంట్ వచ్చినా లైన్ చెదరకూడదంటే: ఆఫెన్సివ్ లైన్ కోచ్‌కి సమగ్ర మార్గదర్శి

అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. మూడో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా తొమ్మిది యార్డులు కావాలి. అంతవరకు మన ఆఫెన్సివ్ లైన్, అంటే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే అయిదుగురు, బాగానే ఆడింది. స్నాప్ (బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం) అయిన రెండున్నర సెకన్లకి అవతలి ఎండ్ (డిఫెన్స్ ముందువరసలో చివర నిలబడేవాడు) ఒకడు ఎవరి చెయ్యీ తగలకుండా నేరుగా వచ్చి, పాస్ విసరబోతున్న క్వార్టర్‌బ్యాక్‌ని పడేస్తాడు. స్టాండ్స్‌లో కూర్చున్న నాన్నలందరూ "గార్డ్ తేలిపోయాడు" అంటారు. వీడియో ఆపి చూస్తే గార్డ్ ఎవరి చేతిలోనూ ఓడిపోలేదని తెలుస్తుంది. గార్డూ టాకిలూ ఇద్దరూ కలిసి ఒకే మనిషిని పట్టుకుని ఉంటారు. రెండోవాడిని పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు, అంతే.

స్టంట్, అంటే డిఫెన్స్ ముందువరసలో ఇద్దరు ఒకరి దారి ఒకరు మార్చుకుని రావడం, చేసే పని ఇదే. పెద్దవాళ్ళకీ ఇది తప్పదు. 2008 ఫిబ్రవరి 3న జరిగిన 42వ సూపర్ బౌల్‌కి (ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్) న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ ఒక్క ఓటమి కూడా లేకుండా 18 గెలుపులతో వచ్చారు. వాళ్ళ లైన్‌లో ముగ్గురు ఆ ఏడాది ప్రో బౌల్‌కి (లీగ్ ఆల్‌స్టార్ ఆట) ఎంపికైనవాళ్ళు. అయినా న్యూయార్క్ జెయింట్స్ వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని 5 సార్లు శాక్ చేసి (పాస్ విసరకముందే పడేసి) 17-14తో గెలిచారు. మామూలుగా ఎండ్‌గా ఆడే జస్టిన్ టక్‌ని లోపలికి తెచ్చి గార్డ్‌ల ఎదురుగా నిలబెట్టడం, ముందువరస వాళ్ళు ఒకరి దారి ఒకరు మార్చుకోవడం ఆ రోజు బాగా పనిచేశాయి.

అమెరికాలో మిడిల్ స్కూల్‌లోనో యూత్ లీగ్‌లోనో పిల్లాడు లైన్‌లో ఆడుతున్నాడని సాయంత్రాలు గ్రౌండ్‌కి వెళ్ళి, మెల్లగా అసిస్టెంట్ కోచ్‌గా మారిన తెలుగు నాన్నలు కొందరున్నారు. ఈ మార్గదర్శి ముఖ్యంగా వాళ్ళకోసం. హైస్కూల్ స్థాయికి కూడా ఇదే సరిపోతుంది, అక్కడ వేగం ఎక్కువ, అంతే తేడా.

1. ముందు అందరికీ ఒకే భాష

మన లైన్‌లో మధ్యన సెంటర్, వాడికి రెండు పక్కలా గార్డ్‌లు, వాళ్ళ బయట టాకిల్‌లు. గ్యాప్‌లతో మొదలుపెట్టండి. సెంటర్‌కీ గార్డ్‌కీ మధ్య ఉన్నది ఏ గ్యాప్, గార్డ్‌కీ టాకిల్‌కీ మధ్య బి గ్యాప్, టాకిల్ బయట సి గ్యాప్. రెండు వైపులా ఇంతే. తర్వాత డిఫెన్స్ వాళ్ళు ఎక్కడ నిలబడ్డారో చెప్పే టెక్నిక్ నంబర్లు. సెంటర్‌కి సరిగ్గా ఎదురుగా ఉంటే 0, గార్డ్ బయటి భుజం మీద ఉంటే 3, మన టాకిల్ బయటి భుజం మీద ఉంటే 5. చిన్నపిల్లలకి ఈ మూడూ చాలు. మొత్తం పట్టిక బట్టీ పట్టిస్తే గేమ్‌లో నంబర్ గుర్తు చేసుకుంటూ స్నాప్‌కి కదలడం మర్చిపోతారు.

టాకిల్ అనే పేరు రెండు జట్లలోనూ ఉంది కాబట్టి ఇక్కడ "మన టాకిల్", "వాళ్ళ టాకిల్" అంటాను. ప్రాక్టీస్‌లో కూడా అలాగే అనండి.

2. స్టంట్‌లో ఏం జరుగుతుందో నడిపించి చూపించండి

ప్రతి స్టంట్‌లోనూ ఇద్దరుంటారు. మొదటివాడు తన ఎదుటివాడిని వదిలేసి పక్కవాడి మీదికి దూసుకెళ్తాడు. వాడి పని శాక్ చెయ్యడం కాదు, మనవాళ్ళిద్దరినీ ఒకచోట ఇరికించడం. వీడిని పెనట్రేటర్ అంటారు. రెండోవాడు ఒక్క క్షణం ఆగి, మొదటివాడి వెనకనుంచి చుట్టూ తిరిగి ఖాళీ అయిన దారిలోకి వస్తాడు. వీడు లూపర్.

వాళ్ళ టాకిల్ ముందు బయటికి దూసుకెళ్ళి ఎండ్ వెనకనుంచి లోపలికి తిరిగితే టీఈ. ఎండ్ ముందు లోపలికి కోసుకుంటూ వచ్చి వాళ్ళ టాకిల్ బయటికి తిరిగితే ఈటీ. లోపలున్న ఇద్దరు టాకిల్సే దారులు మార్చుకుంటే టీటీ. లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ముందువరస వెనక నిలబడేవాడు) కలిసే రకాలు ఇంకా చాలా ఉన్నాయి. మూల సూత్రం మారదు కాబట్టి మొదట్లో వాటి జోలికి వెళ్ళకండి. టీఈ, ఈటీ రెండూ వచ్చిన లైన్ మిగతావాటిని చాలావరకు తనే సర్దుకుంటుంది.

ఇదంతా బోర్డు మీద బాణాలు గీసి చెప్పకండి. నలుగురు పిల్లల్ని హెల్మెట్ లేకుండా నిలబెట్టి, నడుస్తూ చేయించండి. వీలైతే మన గార్డ్‌నీ టాకిల్‌నీ డిఫెన్స్ వైపు నిలబెట్టి స్టంట్ వాళ్ళచేతే చేయించండి. లూపర్ ఎక్కడ ఖాళీ వెతుకుతాడో ఒక్కసారి వాడి కాళ్ళతో నడిచినవాడికి మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు.

3. వెంటపడాలా, మార్చుకోవాలా?

దారులు రెండు. ఎవరి మనిషిని వాళ్ళు చివరిదాకా వెంబడించడం ఒకటి. ఇద్దరూ తమ జాగాలో ఉండి మనుషుల్ని మార్చుకోవడం రెండోది, అదే స్విచ్. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: స్విచ్ నేర్పండి. వెంటపడే పద్ధతిలో మన గార్డ్, మన టాకిల్ ఒకరినొకరు దాటుకుని పరిగెత్తాలి. పాకెట్ (క్వార్టర్‌బ్యాక్ చుట్టూ లైన్ కాపాడే చోటు) లోపల అంత చోటు ఉండదు, ఇద్దరూ గుద్దుకుంటారు. స్టంట్ కనిపెట్టినవాడు కోరుకున్నదీ అదే.

లైన్ మొత్తం ఒకవైపు జరిగి, మనిషిని కాకుండా గ్యాప్‌ని కాపాడే స్లైడ్ ప్రొటెక్షన్‌లో ఈ గొడవ చాలావరకు ఉండదు. ఎవరి గ్యాప్‌లోకి ఎవరొస్తే వాడే వాడి మనిషి. మనిషికి మనిషి అనే ప్రొటెక్షన్‌లోనే స్విచ్ బాగా రావాలి.

స్విచ్ చెయ్యకూడని సందర్భం ఒకటుంది. మన ఇద్దరిలో ఒకడు అప్పటికే లోతుగా వెనక్కి వెళ్ళిపోయి, ఇంకొకడు లైన్ దగ్గరే ఉండిపోతే ఇక మార్చుకోలేరు. అప్పుడు పట్టుకున్నవాడిని వదలకూడదు. దీనికి "లాక్" అనే పిలుపు పెట్టండి.

4. ఒకే లోతు: అసలు పాఠం ఇదే

లైన్ కోచ్‌లు స్టంట్ అనగానే కళ్ళ గురించి, పిలుపుల గురించి చెప్తారు. అవి తర్వాత. మన గార్డ్ లైన్‌కి ఒక యార్డు వెనక, మన టాకిల్ మూడు యార్డుల వెనక ఉంటే వాళ్ళిద్దరి మధ్య రెండు యార్డుల తలుపు తెరిచినట్టే. ప్రపంచంలో ఏ పిలుపూ ఆ తలుపు ముయ్యలేదు. కబడ్డీలో చేతులు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు రెండడుగులు ముందుకు ఉరికితే గొలుసు తెగిపోయి రైడర్ మధ్యలోంచి జారుకుంటాడు చూశారా, ఇక్కడ జరిగేదీ అచ్చం అదే.

తేడా ఎందుకొస్తుందో చూడండి. ఎండ్ వెడల్పుగా, వేగంగా వస్తాడని భయపడి మన టాకిల్ అవసరానికి మించి వెనక్కి జరుగుతాడు. గార్డ్‌కి ఎదురుగా ఉన్నవాడు బరువైనవాడు, వాడిని లైన్ దగ్గరే ఆపేయాలని గార్డ్ ముందుకు వంగి గుద్దుతాడు. ఇద్దరూ ఎవరి పని వాళ్ళు బాగానే చేస్తున్నారు, కానీ జంటగా విడిపోయారు. అందుకే గార్డ్‌కి కొంచెం వెనక్కి ఇవ్వడం నేర్పాలి, టాకిల్‌కి అతిగా వెళ్ళకపోవడం నేర్పాలి. మొదటి రెండు అడుగుల తర్వాత ఇద్దరూ దాదాపు ఒకే గీత మీద ఉండాలి.

గ్రౌండ్ మీద ప్రతి యార్డుకీ చిన్న గీత ఉంటుంది కదా, దాన్నే వాడుకోండి. స్నాప్ చెప్పండి, రెండడుగులు వెయ్యనివ్వండి, "ఆగు" అనండి. ఎవరు ఏ గీత దగ్గర ఉన్నారో వాళ్ళనే చూసుకోమనండి. డిఫెన్స్ లేకుండా, ఒంటి మీద ప్యాడ్లు లేకుండా ఇది చెయ్యొచ్చు. ఒక వారమంతా ఇదే చేయించినా నష్టం లేదు. పిల్లలు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

లైన్‌మెన్ మధ్య దూరం కూడా ఇక్కడే చూసుకోవాలి. మామూలుగా రెండు అడుగుల దూరం పెడతారు. స్టంట్‌లు ఎక్కువ చేసే జట్టుతో ఆడేటప్పుడు పాస్ డౌన్‌లలో కొంచెం దగ్గరికి జరిగితే, మనిషిని పక్కవాడికి అప్పగించడం తేలికవుతుంది. దగ్గరికి జరిగితే ఎండ్ బయటి దారి చిన్నదవుతుందన్నది నిజమే. పాస్ త్వరగా వదిలే క్వార్టర్‌బ్యాక్ ఉంటే ఆ నష్టం భరించవచ్చు.

5. కాళ్ళు, భుజాలు, చేతులు

లోపలి కాలు కుదురుగా ఉండాలి, బయటి కాలితో వెనక్కి జరగాలి. భుజాలు గోల్‌లైన్‌కి సమాంతరంగా ఉండాలి. మన గార్డ్ నడుము తిప్పి సైడ్‌లైన్ వైపు చూశాడంటే స్టంట్ గెలిచినట్టే, ఎందుకంటే తిరిగిన మనిషి వెనక్కి రావడానికి ఇంకో మూడు అడుగులు కావాలి, లూపర్‌కి అంతసేపు అక్కర్లేదు.

బరువు ముందుకి వాలకూడదు. మనిషి మీద వాలిపోయి ఆడేవాడు ఆ మనిషి పక్కకి తప్పుకోగానే బోర్లా పడతాడు. చేతులు ఎదుటివాడి ఛాతీ మీద, భుజాల లోపలే ఉండాలి. బయటికి జారి జెర్సీ పట్టుకుంటే హోల్డింగ్, 10 యార్డులు పోతాయి. తల ముందుపెట్టి గుద్దడం ఏ వయసులోనూ ఒప్పుకోకండి. హెల్మెట్‌తో ఆపేవాడికి ఎదుటివాడు ఎటు వెళ్ళాడో కనిపించదు, మెడకీ ప్రమాదం.

6. టీఈని ఆపడం

కుడివైపు అనుకుందాం. మన కుడి గార్డ్ మీద 3-టెక్నిక్, మన కుడి టాకిల్ మీద 5-టెక్నిక్ ఎండ్.

స్నాప్ కాగానే వాళ్ళ టాకిల్ బయటికి, మన టాకిల్ లోపలి భుజం వైపు దూసుకెళ్తాడు. మన గార్డ్ రెండు చేతులూ పెట్టి, బయటి చేత్తో వాడిని నెడుతూ ఒక అడుగు, మహా అయితే ఒకటిన్నర అడుగు పక్కకి జరుగుతాడు. ఆ తర్వాత కాళ్ళు ఆగాలి, చేతులు మాత్రం ఉండాలి. వాడిని మన టాకిల్ ముందుకి బలంగా నెట్టడం గార్డ్ బాధ్యత. ఊరికే వదిలేస్తే వాడు మన టాకిల్ పక్కటెముకల్లోకి వేగంతో గుద్దుతాడు.

అదే సమయంలో మన టాకిల్ ఎండ్‌ని చూస్తూ వెనక్కి జరుగుతున్నాడు. ఎండ్ ఒకటి రెండు అడుగులు ముందుకు వచ్చి తుంటి లోపలికి తిప్పాడు. మన టాకిల్ మనసు వాడి వెంట లాగుతుంది. వెళ్ళకూడదు. బయటి కాలు నాటి, వెనక్కి జరగడం ఆపి, లోపలి చెయ్యి వాళ్ళ టాకిల్ ఛాతీ మీద వెయ్యాలి. వస్తున్నవాడు బయటికే వస్తున్నాడు కాబట్టి మన టాకిల్ తన శరీరాన్ని వాడికంటే కొంచెం బయటే ఉంచుకోవాలి.

ఇప్పుడు అప్పగింత. "చెయ్యి పడ్డాకే చెయ్యి తియ్యి." టాకిల్ చెయ్యి పడిందని తెలిసేదాకా గార్డ్ వదలకూడదు, పడ్డాక ఒక్క క్షణం కూడా పట్టుకుని ఉండకూడదు. వదిలిన వెంటనే గార్డ్ కళ్ళు లోపలికి తిరగాలి. లూపర్ మన గార్డ్‌కీ సెంటర్‌కీ మధ్యకో, గార్డ్ ముఖం మీదికో వస్తాడు. గార్డ్ లోపలి కాలితో ఒక అడుగు వేసి, వాడు వేగం అందుకోకముందే కలవాలి.

పిల్లలకి నేను చెప్పే మాట ఒకటే: "నీ వాడు నిన్ను వదిలి వెళ్తే వెళ్ళనీ నాన్నా, వచ్చేవాడి కోసం చూడు." ఎదుటివాడు కారణం లేకుండా పక్కకి వెళ్ళడు. వాడు వదిలేసిన చోటికి ఎవరో వస్తున్నట్టే.

7. ఈటీని ఆపడం

ఇది కొంచెం కష్టం, ఎందుకంటే పెనట్రేటర్ బయటనుంచి లోపలికి వస్తాడు, గార్డ్‌కి వాడు కనిపించడు. గార్డ్ తన 3-టెక్నిక్‌తో పనిలో ఉండగా పక్కనుంచి దెబ్బ తగులుతుంది. కాబట్టి ఇక్కడ మొదటి మాట టాకిల్‌ది. ఎండ్ లోపలికి కోసుకుంటూ రాగానే మన టాకిల్ లోపలి చెయ్యి వాడి దగ్గరి భుజం మీద గట్టిగా వేసి, వాడిని ముందుకు రానివ్వకుండా అడ్డంగా, గార్డ్ వైపు నెట్టాలి. నోటితో "స్విచ్ స్విచ్" అని అరవాలి.

గార్డ్‌కి అందే సంకేతం వేరు. తన మనిషి ఒకసారి ముందుకు గుద్ది, ఉన్నట్టుండి తేలికైపోతాడు. చేతుల కింద బరువు తగ్గిందంటే వాడు వెనక్కి జరిగి తిరుగుతున్నాడన్నమాట. వాడితో బయటికి పోకుండా గార్డ్ కుదురుగా నిలబడి, బయటి చేత్తో ఎండ్‌ని అందుకోవాలి.

ఈటీలో ఎక్కువగా తప్పు చేసేది టాకిలే. ఎండ్‌ని నెట్టే ఉత్సాహంలో తనూ లోపలికి కూరుకుపోతాడు. అప్పుడు బయటంతా ఖాళీ, వాళ్ళ టాకిల్ ఆ ఖాళీలోకి నడుచుకుంటూ వచ్చినా చాలు. ఒక్క చేత్తో నెట్టు, నెట్టగానే బయటి కాలు వెనక్కి వెయ్యి, కళ్ళు బయటికి. ఈ మూడూ వరసగా రావాలి. వచ్చే లూపర్ సాధారణంగా లావుపాటి లోపలి ఆటగాడు, చుట్టు తిరగడానికి వాడికి సమయం పడుతుంది. మన టాకిల్ హడావిడి పడకుండా వాడికోసం ఆగి ఉంటే సరిపోతుంది.

8. సెంటర్ సంగతి

టీటీలో సెంటర్‌ది గార్డ్ పాత్రే: ముఖం మీదుగా దాటేవాడిని అవతలి గార్డ్‌కి నెట్టి, తను తిరిగొచ్చేవాడి కోసం ఆగుతాడు. సెంటర్‌కి స్నాప్ చెయ్యడం వల్ల ఒక చెయ్యి ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఎదురుగా ఎవరూ లేని గార్డ్ ఆ వైపు ఒక చెయ్యి సాయం వెయ్యాలి. ఎవరూ మీదికి రాని సెంటర్ ఖాళీగా నిలబడకుండా టీఈ లూపర్ దారిలోకి చూస్తూ ఉండాలి. మంచి సెంటర్ ఒక్కడుంటే గార్డ్ చేసిన సగం తప్పులు కప్పేస్తాడు.

9. ముందుగా పసిగట్టడం

మూడో డౌన్, చాలా యార్డులు కావాల్సినప్పుడు స్టంట్ వస్తుందనే అనుకోండి. ఎండ్ మామూలుకంటే దగ్గరగా జరిగి నిలబడటం, వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం, ఒకడు బంతికి కొంచెం వెనగ్గా నిలబడటం, ఇవన్నీ గుర్తులే. నేలమీద ఆనించిన చేతిని కూడా చూడమనండి: వేళ్ళు తెల్లబడేంత బరువు వేసినవాడు ముందుకు దూసుకొస్తాడు, తేలిగ్గా ఆనించినవాడు తిరగబోతున్నాడేమో. ఇవి హెచ్చరికలు మాత్రమే. డిఫెన్స్ కోచ్‌లకీ ఇవి తెలుసు, కావాలని మోసం చేయిస్తారు. ఊహించి ముందే కదిలిన గార్డ్, నేరుగా వచ్చేవాడి చేతిలో దారుణంగా ఓడిపోతాడు.

10. రన్ ఆటలో

పరుగు ఆటలో తలనొప్పి తక్కువ. జోన్ రన్‌లో (మనిషిని కాకుండా జాగాని చూసుకుని అడ్డుకునే పరుగు ఆట) మనవాళ్ళిద్దరు తుంటికి తుంటి ఆనించి ఒకడిని నెడుతూ లైన్‌బ్యాకర్‌ని చూస్తుంటారు. ఆ డిఫెండర్ ఒకవైపు జారితే అటువైపు ఉన్నవాడు వాడిని తీసుకుంటాడు, రెండోవాడు ముందుకు వెళ్ళి లైన్‌బ్యాకర్‌ని అందుకుంటాడు. ఇద్దరూ త్వరగా విడిపోకపోతే చాలు.

11. ప్రాక్టీస్‌లో ఎలా పెట్టాలి

వారానికి ఒకరోజు అరగంట కంటే, రోజూ పది నిమిషాలు మేలు. మొదట నడక. తర్వాత చేతుల్లో బ్లాకింగ్ షీల్డ్‌లతో సగం వేగం. ఆ తర్వాత లైన్‌లో ఒక వైపు మాత్రమే తీసుకుని, ఇద్దరికి ఇద్దరు, పూర్తి వేగం. చివర్లో అయిదుగురికి నలుగురు.

కోచ్ ఆఫెన్స్ వెనక నిలబడి డిఫెన్స్‌కి వేళ్ళతో చూపించాలి: ఒక వేలు నేరుగా, రెండు టీఈ, మూడు ఈటీ. కనీసం సగం సార్లు ఒక వేలే చూపించండి. ప్రతిసారీ స్టంటే వస్తే పిల్లలు మనిషిని ఆపడం మానేసి, మార్చుకోవడానికి సిద్ధంగా నిలబడతారు. అప్పుడు మామూలు రష్ కూడా ఆపలేరు. జంటల్ని మార్చకండి. కుడి గార్డ్, కుడి టాకిల్ ఎప్పుడూ పక్కపక్కనే ప్రాక్టీస్ చెయ్యాలి, నీళ్ళ బ్రేక్‌లో కూడా పక్కన కూర్చున్నా మంచిదే.

గుద్దుకునే ప్రాక్టీస్ ఎంతసేపు పెట్టవచ్చో ప్రతి లీగ్‌కీ, ప్రతి రాష్ట్రానికీ హద్దులున్నాయి. హెడ్ కోచ్‌ని అడిగి మొదలుపెట్టండి. ఈ విద్యలో ఎక్కువ భాగం గుద్దుకోకుండానే వస్తుంది కాబట్టి ఆ హద్దులు అడ్డం కావు.

12. గేమ్ రోజు

గోలలో పిలుపు వినపడదు. అందుకే చెయ్యి పడటాన్నే సంకేతంగా పెట్టుకున్నాం. కొన్ని జట్లు ఒకసారి బంతి ఆడి బయటికొచ్చాక, మళ్ళీ బంతి దొరికేలోపు గార్డ్‌నీ టాకిల్‌నీ కూర్చోబెట్టి పలక మీద స్టంట్ గీయిస్తాయి, మంచి అలవాటు. "ఎవరు ముందు కదిలారు?" అని అడగండి, ఇద్దరి జవాబులూ కలవకపోతే వాళ్ళు లోతులో విడిపోయారని అర్థం.

ఒక పెనాల్టీ జాగ్రత్త. గార్డ్ ఒకడిని పైన పట్టుకుని ఉండగా టాకిల్ అదే మనిషిని తొడల కింద కొడితే అది చాప్ బ్లాక్, 15 యార్డులు పోవడమే కాకుండా మోకాలు దెబ్బతినవచ్చు. స్టంట్ గందరగోళంలో ఆలస్యమైన పిల్లాడు చివరి ప్రయత్నంగా కింద పడి కాళ్ళు కొట్టాలనుకుంటాడు. కాబట్టి పాస్ ప్రొటెక్షన్‌లో కింద కొట్టడమే నేర్పకండి.

లైన్ ఎంత బాగా ఆడినా స్టంట్‌లు ఆగకపోతే ప్లే పిలిచేవారిని సాయం అడగండి. తిరిగి రావడానికి లూపర్‌కి సమయం కావాలి. క్వార్టర్‌బ్యాక్ మూడు అడుగులు మాత్రమే వెనక్కి వేసి త్వరగా వదిలే పాస్ ఆ సమయం ఇవ్వదు. ఇద్దరూ పక్కకి దారులు మార్చుకుంటున్నప్పుడు మధ్యలోకి డ్రా ప్లే (పాస్‌లా మొదలుపెట్టి బంతితో పరిగెత్తే ఆట) పెడితే ఆరేడు యార్డులు తేలిగ్గా వస్తాయి. ఇలా రెండుసార్లు దెబ్బ తగిలితే వాళ్ళ కోచే స్టంట్‌లు తగ్గిస్తాడు.

వీడియో చూసేటప్పుడు పక్కనుంచి తీసినదానికంటే ఎండ్ జోన్ వెనకనుంచి తీసినది పనికొస్తుంది. ఫోన్ చాలు, కొంచెం ఎత్తు నుంచి తియ్యమని ఎవరైనా పేరెంట్‌ని అడగండి. స్నాప్ తర్వాత రెండో అడుగు దగ్గర ఆపి, ముందు లోతు చూడండి, తర్వాత భుజాలు, ఆ తర్వాతే చేతులు.